డోలు మోగకుండా తెరిచిన పడిగె

1996 చలికాలం. దక్షిణ ఢిల్లీలో, సాకేత్‌కు ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న ఒక పాత వస్తువుల షోరూమ్‌లో నేను టెక్స్‌టైల్ విభాగం చూసేదాన్ని. జమీందారీ ఇళ్ల శాలువాలు, చిరుగులు పడ్డ గుడారపు తెరలు, కొండల్లోంచీ అడవుల్లోంచీ వచ్చిన గుడ్డలు అన్నీ నా చేతుల మీదుగానే వెళ్లేవి. పుట్టింది చీరాలలో, బట్టల కొట్టు మీది వాటాలో. నాన్నకీ ఇద్దరు మేనమామలకీ మూడు కొట్లు. మాటలు రాకముందే మీటరు బద్ద పట్టుకున్నానని అమ్మ చెబుతుంది. అది గొప్పో కాదో తెలియదు కానీ, ఇప్పటికీ డాక్టరు ఫీజు దగ్గర బేరమాడి మా ఆయన చేత చీవాట్లు తింటుంటాను.

మా పనిలో రెండు మాటలు తెలిస్తే చాలు. ఒకటి కండిషన్ రిపోర్ట్: గుడ్డ మీద ఏ బొమ్మ ఎక్కడుంది, ఎక్కడ మరక, ఎక్కడ చిరుగు అని అంగుళం అంగుళం చూసి రాసే కాగితం. రెండోది ప్రావనెన్స్: వస్తువు ఎవరింట్లో పుట్టి, ఎన్ని చేతులు మారి మా దాకా వచ్చిందో చెప్పే చరిత్ర. మొదటిది కళ్లతో రాస్తాం. రెండోది, నిజం చెప్పాలంటే, చాలాసార్లు నోటితో అల్లేస్తాం.

ఆ అక్టోబరులో ఊళ్లు తిరిగి సరుకు తెచ్చే పికర్ ఒకడు మూడు మూలల ఎర్రగుడ్డ ఒకటి తెచ్చాడు. దాని నిండా రంగుగుడ్డలు కత్తిరించి కుట్టిన మనుషులు, జంతువులు. గోదావరి అడవుల నుంచి వచ్చిందన్నాడు తప్ప అంతకన్నా చెప్పలేదు. నేను వెనక లైనింగ్ కుట్టించాను. అద్దాల ఫ్రేమ్ కట్టించి, హాలోజన్ దీపం కింద గోడకు తగిలించాను. లేబుల్ కూడా నేనే రాశాను: ‘గిరిజనుల యుద్ధ పతాకం. రెండు వందల ఏళ్ల నాటిది.’ యుద్ధం అంటే అమ్ముడుపోతుంది. రెండు వందలంటే ఇంకా బాగా అమ్ముడుపోతుంది.

నిజంగానే అమ్ముడుపోయింది. ఒక ఇంగ్లిష్ పత్రిక ఆదివారం పేజీలో, ఆదిమ జాతులూ ఆధునిక ప్రపంచమూ అంటూ మానవశాస్త్రం గురించి పెద్ద వ్యాసం వేసి, మధ్యలో మా పతాకం ఫోటో అచ్చేసింది. అది చూసి, పాత గుడ్డలు సేకరించే ఒక విదేశీ ఆవిడ వచ్చి ఖాయం చేసుకుంది. శుక్రవారం ప్యాకింగ్.

బుధవారం పొద్దున ఒక కుర్రాడు లోపలికొచ్చాడు. పొట్టి క్రాఫు, ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన ఆ ఆదివారం పేపరు ముక్క. సైన్యంలో పనిచేసే ఫౌజీ అని చూడగానే తెలిసింది. గోడ మీది గుడ్డ చూశాడో లేదో, ఎవరో గద్దించినట్టు గిరుక్కున వెనక్కి తిరిగి, వీపు అటు పెట్టి నిలబడిపోయాడు.

“బోణీ వేళకి వీడెక్కడ దొరికాడురా దేవుడా!” అని తెలుగులో గొణుక్కున్నాను.

“మేడమ్, మీరు తెలుగోళ్లా?” అతని మొహం వెలిగింది. “దీన్ని తెరిచేముందు డోలు కొట్టారా?”

“డోలేంటి బాబూ, ఇది షోరూము. పెళ్లిమండపం కాదు.”

అతను నవ్వలేదు. పేరు లక్ష్మయ్య. కంటోన్మెంట్‌లో లాన్స్ నాయక్. భద్రాచలం ఎగువన అడవిలో కోయ గూడెం. ఆ గుడ్డను పడిగె అంటారనీ, వాళ్ల వంశంలో ఎవరి తర్వాత ఎవరో అంతా దాని మీద బొమ్మలుగా ఉంటుందనీ చెప్పాడు. ఏల్పు అంటే వాళ్ల ఇలవేల్పు; ఆ పండక్కి డోలు మోగాకే దాన్ని విప్పుతారు. డోలీలనే గాయకులు ఆ బొమ్మలు చూస్తూ పెద్దల కథ పాడతారు. పండగ కాగానే చుట్టేస్తారు. డోలు మోగకుండా తెరిచి ఉన్నప్పుడు ఆ ఇంటివాళ్లు చూడకూడదు.

“యుద్ధ పతాకం అని రాసిందెవరు మేడమ్?”

“ఎవరో తెలివితక్కువది రాసుంటుందిలే” అన్నాను.

“మా ముసలి డోలీ మంచాన పడ్డప్పుడు ఒకాయన వచ్చిండు. ఫోటో తీసి పుస్తకంలో వేస్తం, నెలలో తెచ్చిస్తం అని పట్టుకపోయిండు. రెండేళ్లయింది. ఈలోగా మా నాయన పోయిండు. పడిగె ముందు పాట పాడితేనే పోయినోళ్లు పెద్దల్లో కలుస్తరు. మా నాయన ఇంకా బయటే ఉన్నడు మేడమ్.”

నమ్మాలనే అనిపించింది. కానీ కొట్లో పెరిగిన బుద్ధి ఊరుకోదు కదా! “నీదేనని రుజువేంటి? ఇలా చెప్పుకొచ్చేవాళ్లు వారానికొకరు తగులుతారు” అన్నాను.

“అడగండి. చెప్తా.”

కండిషన్ రిపోర్ట్ తీశాను. అతను గోడకు వీపు పెట్టే నిలబడి, మొన దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఇక్కడ ఏనుగు, దానికి ఒక దంతమే. దాని పక్కన అన్నదమ్ములు ముగ్గురు, చిన్నోడి చేతిలో విల్లు. పైన పులి, దాని తోక కుట్టు ఊడితే నల్లదారంతో కుట్టారు. నేను పెన్సిలుతో ఒక్కొక్కటీ టిక్కు కొట్టుకుంటూ పోయాను. ఇరవై ఏడు బొమ్మలు. ఒక్కటీ తప్పలేదు.

“వెనకాల, వెడల్పు అంచు దగ్గర, అరచేయంత పాతగుడ్డ ముక్క ఉంటది” అన్నాడు చివర్లో. “పాత పడిగె చివికిపోతే దాంట్లోంచి ముక్క తీసి కొత్తదానికి కుడతరు మా ఇంట్లో. ఈ పడిగె మా తాత కుట్టింది.”

నా రిపోర్టులో అలాంటి ముక్క లేదు. ఫ్రేమ్ దింపించి, లైనింగ్ కుట్లు విప్పాను. ఉంది. అరచేయంత, మట్టి రంగుకు తిరిగిన ముక్క, నాలుగు వైపులా సన్నటి కుట్టు. ముప్పై మందికి గుడ్డ చూడడం నేర్పినదాన్ని, వెనక్కి తిప్పి చూడకుండానే లైనింగ్ వేయించేశాను. సిగ్గేసింది.

లక్ష్మయ్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మా యజమాని గదిలోకి వెళ్లాను. ఆయన్ని అందరం సేఠ్‌జీ అనేవాళ్లం. చెడ్డవాడు కాదు; వ్యాపారి. అంతా విని చాయ్ జుర్రుకున్నాడు.

“అచ్ఛా. పాపం, భలే కథ. దీన్నే ప్రావనెన్స్‌లో రాసెయ్ బేటా, ధర ఇంకా పెరుగుతుంది.”

“ఏ కాగితంలో రాయమంటారు సేఠ్‌జీ? కొనే ఆవిడకిచ్చిన కాగితంలో ఇది రెండొందల ఏళ్లది. విదేశానికి పంపే అనుమతి కోసం సర్కారుకిచ్చిన కాగితంలో వందేళ్లు నిండనిది. రెండూ నా చేతిరాతే.”

“అందరూ అలాగే చేస్తారు.”

“చేస్తారు. కానీ ఇప్పుడు బయట బెంచీ మీద వాళ్ల తాత కుట్టాడని చెప్పే మనవడు కూర్చున్నాడు. రెండొందలు నిజమైతే, వందేళ్లు దాటిన సరుకు కాబట్టి దేశం దాటకూడదు. వాళ్ల తాత నిజమైతే ఆవిడకి మీరు అబద్ధం అమ్మారు. ఏది కావాలో చెప్పండి, నీట్‌గా టైప్ చేయిస్తాను.”

“నా ఉప్పు తింటూ నన్నే బెదిరిస్తావా?”

“బెదిరించడం లేదు. బేరమాడుతున్నాను. ఈ విద్యకే కదా మీరు నన్ను పెట్టుకున్నారు!”

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. లక్ష్మీ నగర్‌లో రెండు గదుల అద్దె, పిల్లల ఫీజులు కళ్ల ముందు తిరిగాయి. సేఠ్‌జీ చాలాసేపు కిటికీలోంచి బెంచీ వైపు చూశాడు. తర్వాత, వ్యాపారి వ్యాపారే కనుక, “నాకేం మిగులుతుంది?” అన్నాడు.

“పేరు. అదే పత్రికవాళ్లను పిలుద్దాం. పెద్దల గుర్తును తిరిగిచ్చిన షోరూమ్ అని వేస్తారు.”

“ఠీక్ హై. కానీ ఫోటో ఉండాలి. నేను, ఫౌజీ, మధ్యలో జెండా.”

బయటికొచ్చి చెప్పాను. లక్ష్మయ్య తల అడ్డంగా ఊపాడు. “పడిగెను ఫోటో తియ్యకూడదక్కా. ఒకసారి ఫోటో అంటేనే ఇంత దూరం వచ్చింది.” మేడమ్ ఎప్పుడు అక్క అయిందో గమనించలేదు. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. గంటసేపు షటిల్ బస్సులా తిరిగితే బేరం తెగింది. శుక్రవారం పత్రిక ఫోటోగ్రాఫర్ వచ్చి, ఖాళీ ఫ్రేమ్ పక్కన గంభీరంగా నిలబడ్డ సేఠ్‌జీని ఫోటో తీసుకుపోయాడు. విదేశీ ఆవిడకి నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. “అయితే అది నాది ఎలా అవుతుంది?” అంది. మేము గంట తగువులాడి తేల్చింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

బుధవారం బేరం తెగేసరికి పడిగె బల్ల మీద బోర్లా పరిచి ఉంది. దాన్ని చుట్టాలి. లక్ష్మయ్య చూడకూడదు. దీపం ఆర్పించి, చెప్పులు విడిచి, నేనే చుట్టాను. అతను అటు తిరిగి ప్యాకింగ్ పెట్టె మీద అరచేతులతో దరువు వేశాడు. “తెరిచినప్పుడు మోగలేదు. మూసేటప్పుడైనా వినపడాలి కదక్కా” అన్నాడు. మా సెక్యూరిటీ భయ్యా, సేల్స్ పిల్లలు, సేఠ్‌జీ అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. గుడ్డ పూర్తిగా చుట్టుకునేదాకా దరువు ఆగలేదు.

ఆ రోజు నుంచి ఏ పికర్ ఏ గుడ్డ తెచ్చినా, ఎన్నేళ్లదని ముందు అడగడం మానేశాను. దీన్ని వాళ్లింట్లో ఎవరు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అని అడుగుతాను. జవాబు లేకపోతే కొనను. ఇలా నేను వెనక్కి పంపిన సరుకు చూసి సేఠ్‌జీ తల పట్టుకున్న రోజులున్నాయి. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు మాత్రం.

మరుసటి వేసవిలో లక్ష్మయ్య దగ్గర్నుంచి ఇన్లాండ్ లెటర్ వచ్చింది. పండగ జరిగిందట. పాట తెల్లవార్లూ సాగిందట. వాళ్ల నాన్న పెద్దల్లో కలిశాడట. నాకు పట్టరాని సంతోషం, దాంతోపాటు పాతబుద్ధి. ‘ఇంత చేశాను కదా తమ్ముడూ, ఆ పాటలో ఎక్కడో ఒక మూల నా పేరు కూడా చేర్చరాదూ? ఒక్క చరణం చాలు. పోనీ, సగం’ అని జవాబు రాశాను.

కార్డు మీద రెండు వాక్యాలే వచ్చాయి. ‘పాటలో మా పెద్దలే ఉంటరక్కా, అందులో చోటు ఎవరడిగినా ఇయ్యం. నువ్వు పండక్కి వస్తే పక్కన కూచోబెట్టుకొని వినిపిస్తం.’

నేను గీసి గీసి బేరమాడి, పూర్తిగా ఓడిపోయి, ఆ ఓటమిని కనపడ్డవాళ్లందరికీ గర్వంగా చెప్పుకున్న బేరం అదొక్కటే.