డ్రాయర్లో పదకొండు ఫోన్లు

మా బావని వీధిలో అందరూ స్టిక్కర్ అంటారు. రిపేరుకొచ్చిన ఫోన్ ఏదైనా, ముందు కెమెరా మీద నల్ల స్టిక్కర్ ముక్క అంటించి గానీ తిరిగివ్వడు. "ఇదెందుకండీ?" అని ఎవరైనా అడిగితే "ఇంటికి తలుపెందుకండీ?" అంటాడు. అంత జాగ్రత్తపరుడూ పప్పులో కాలేశాడు. ఆ సంగతే రాస్తున్నాను.

ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సిన కొట్టు అతనిది. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల ఫోన్లు విప్పుతున్నాడు. "నేను చూడనురా. కానీ కనపడుతుంది" అంటాడు. అందుకే తనకి ఎక్కడా అకౌంట్ లేదు, ఫొటో లేదు. "పెళ్లి ఆల్బమ్‌లో కూడా తల దించుకునే ఉన్నాడు మహానుభావుడు" అని అక్క దెప్పుతుంది.

అలాంటివాడు సంఘంలో చేరాడు. ఓట్లడిగే సంఘం కాదు. ఖాళీగా పడున్న ఇళ్ల తాళాలు పగలగొట్టి, ఇల్లు లేనివాళ్లని అందులో పెట్టాలనే సంఘం. కొట్టు పై గదిలో ఉండే టైలరమ్మ దాన్ని నడుపుతుంది. ఒకరోజు ఒకావిడ పగిలిన ఫోన్ తెచ్చింది. అద్దం మార్చి చూస్తే లోపల ఇరవై ఫొటోలు, అన్నీ ఒకే తాళానివి. ఇంటివాడు ఆవిడ గదికి వేసిన తాళం. సామాను రోడ్డు మీదుంది. ఆ సాయంత్రమే బావ మెట్లెక్కి టైలరమ్మ దగ్గరికి వెళ్లాడు.

అక్కకి మాత్రం చెప్పలేదు. అక్క ఆసుపత్రి ల్యాబులో తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఈసారి ఖాయం చేస్తామన్నారు. దానికి ముందు ఇంటి విచారణ ఉంటుంది. "తెలియని సంగతి ఎవరడిగినా ఎలా చెప్తుందిరా" అన్నాడు నాతో. అప్పుడది తెలివైన మాటలాగే వినపడింది.

సంఘం మీటింగులోకి ఫోన్లు తేకూడదు. అందరూ ఒకే గంటకి స్విచాఫ్ చేసినా అనుమానమే. ఆ చిక్కు విప్పింది బావే. "ఆన్‌లోనే ఉంచి నా డ్రాయర్లో పడెయ్యండి. రిపేరు కొట్లో ఫోనుంటే ఎవడడుగుతాడు?" అన్నాడు. ప్రతి ఆదివారం మూడింటికి పదకొండు ఫోన్లు డ్రాయర్లో చేరేవి. అయిదున్నరకి ఎవరిది వాళ్లు తీసుకునేవాళ్లు.

ఈమధ్య ఒకరోజు నేను కొట్లో ఉండగా నీటుగా టక్ చేసుకున్న మనిషి ఒకడొచ్చాడు. మీ ఆవిడ ఉద్యోగం గురించి చిన్న విచారణ అన్నాడు. జేబులోంచి నెట్ కంపెనీ ఇచ్చిన ఫోన్ల పట్టీ ఉన్న కాయితం తీశాడు.

"ఆదివారం మూడింటికి నీ వైఫైకి పదకొండు ఫోన్లు తగులుతున్నాయి. అయిదున్నరకి పోతున్నాయి. అయిదు నెలల్నించీ ఇదే వరస. ఎవరివి?"

"రిపేరుకొచ్చినవి సార్."

"అన్నీ ఒక్కసారే చెడిపోయి, ఒక్కసారే బాగవుతాయా? హస్తవాసి గొప్పదయ్యా నీది."

బావ నవ్వబోయాడు, రాలేదు.

"వీటిలో సిమ్ములు సగం వేరేవాళ్ల పేరు మీదున్నాయి. ఏ ఫోన్ ఎవరు వాడుతున్నారో పక్కన రాయి. మీ ఆవిడ ఫైలు రేపే కదులుతుంది."

బావకి ప్రతి ఫోనూ తెలుసు. ఏ మూల పగిలిందో, ఏ బటన్ మొరాయిస్తుందో కూడా తెలుసు. "నాకు ఫోన్లు గుర్తుంటాయి గానీ మనుషులు గుర్తుండరు సార్" అన్నాడు. ఆ మనిషి కాయితం అక్కడే వదిలేసి "ఆలోచించుకో" అని వెళ్లిపోయాడు.

బావ గోడకున్న వైఫై డబ్బా వంక చూశాడు. "నేనేరా తగిలించింది. ఒక్కొక్కటీ" అన్నాడు. రిపేరు చేసిన ఫోన్లో నెట్ వస్తోందో లేదో చూడటానికి కొట్టు వైఫైకి కలపడం అతని అలవాటు. సంఘంలో అందరూ అతని ఖాతాదార్లే. ఒకసారి కలిపాక ఫోన్ మరిచిపోదు, డ్రాయర్లో పెట్టగానే దానంతటదే తగులుకుంటుంది. దాచానని మురిసిపోతూ వారంవారం హాజరు వేయించాడన్నమాట.

ఇంటికెళ్లి అక్కకి చెప్పాడు. నేనూ ఉన్నాను, ఉండకపోతే బాగుండేది.

"ముక్కూ మొహం తెలియనివాడికి అయిదు నెలల సంగతి తెలుసు. ఒకే కప్పు కింద ఉంటున్నా, నాకు తెలీదు" అంది అక్క.

"నీ ఉద్యోగం కోసమే చెప్పలేదే..."

"నన్ను తాత్కాలికంగా ఉంచింది ఆసుపత్రి ఒక్కటే అనుకున్నా."

బావ కాయితం తీసి ముందు పెట్టాడు. అక్క కాయితం అందుకుని రెండు వైపులా తిప్పి చూసింది. "పేర్లు రాశారా?"

"లేదు."

"రాయకండి. రాస్తే ఇంటికి రావద్దు. రాయకపోయినా నేను మాట్లాడను."

బావ రాయలేదు. అక్క అన్నంత పనీ చేసింది. పది రోజులకి ఆసుపత్రి గోడ మీద ఖాయమైనవాళ్ల జాబితా అంటించారు. అక్క పేరు లేదు. జాబితాని ఫొటో తీసి బావకి పంపింది, కింద ఒక్క మాట రాయకుండా. బావ దాన్ని పెద్దది చేసి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

ఆ ఆదివారం మూడింటికి డ్రాయర్ ఖాళీగా ఉంది. బావ కాయితం సంగతి చెప్పాక, ఫోన్లు ఇక ఇళ్లలోనే వదిలేసి రమ్మని టైలరమ్మ అందరికీ చెప్పింది. పైన కుట్టు మిషను చప్పుడు ఆగింది, అంటే మీటింగు మొదలైనట్టే.

"వెళ్లవా?" అన్నాను.

"ఈసారి దానికి చెప్పి వెళ్లాలిరా."

"చెప్పు మరి. వద్దంటే?"

"వద్దన్నా సరే, ముందు తను నాతో మాట్లాడనీ" అని అక్కకి ఫోన్ చేశాడు. స్పీకర్లో రింగవుతోంది. ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, మళ్లీ చేశాడు.