అమ్మవారికి పెట్టిన అర్జీలో చిన్న సవరణ

సూరిబాబూ, బాగున్నావా? నీ మెసేజ్‌కి ఇంత ఆలస్యంగా జవాబిస్తున్నందుకు ఏమనుకోకు. ఈ మధ్య మనసేం బాగోలేదు. ఈ రోజు జరిగింది మాత్రం అందరూ చదవాలని నీకు విడిగా కాకుండా ఇక్కడ నా వాల్ మీదే రాస్తున్నా.

పలాసలో నా కొట్టుకు ఎదురుగా జీడిపప్పు అమ్మే అప్పన్న, నా పప్పులో పురుగులున్నాయని వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. పెళ్ళిళ్ళ బేరాలన్నీ వాడికే పోయాయి. పొద్దున్నే అమ్మవారి గుడికెళ్ళి, వాడి సరుకంతా చెమ్మెక్కి బూజు పట్టాలని, వాడి కొట్లోకి ఈగ కూడా దూరకూడదని పైకే మొక్కుకున్నాను.

"నా గురించేనా మావా?" అని వెనకనుంచి వినిపించింది. తిరిగి చూస్తే అప్పన్నే.

"నీ గురించే. నువ్వేటి కోరుకోడానికొచ్చావు?"

"మాయమ్మకి కిడ్నీలు పాడైపోనాయట మావా. రేపట్నించి డయాలసిస్."

వాడు కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిపోయి ఉంది. వాడి మొహం పాలిపోయింది. వేరే రోజైతే నాకు పండగే. కానీ మా నాన్నని తీసుకుపోయిందీ ఆ జబ్బే. నేనింకా కొట్టని నా కాయ వాడి చేతిలో పెట్టి, అమ్మవారికి మళ్ళీ పైకే చెప్పాను.

"తల్లీ, ఆళ్ళమ్మని సల్లగా సూడు. కొట్టు సంగతి మాత్రం నాను సెప్పినట్టే అవ్వాల."

"అది కూడా ఒగ్గీ మావా."

"ముందు నువ్వు ఆ పురుగుల మాట ఒగ్గు."

వాడు కాయ కొట్టుకుని వెళ్ళిపోయాడు. మీరైతే వదిలేద్దురా, చెప్పండి.

సూరిబాబూ, ఇంతకీ పలాస ఎప్పుడొస్తావు? వాడి పప్పుకి బూజు పట్టే వేళకి వస్తే ఇద్దరం కలిసి చూద్దాం.