గోడ మీద రాసిన కొలత

తొంభైల చివర గుత్తి దగ్గర ఒక పల్లెబడిలో పనిచేసేదాన్ని. గురుకులం సీటుకు మా బడి నుంచి ఏటా ఒక్క పేరే పంపమనేవాళ్ళు. ఎప్పుడు చూసినా భూములున్న ఆసాముల పిల్లలే పోయేవారు. ఎంపికలో కలిపే చేతిపని మార్కులు మొహం చూసి వేయడం వల్ల వచ్చిన తిప్పలు అవి. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడు హెడ్మాస్టరూ, లెక్కల సారూ, నేనూ కూర్చుని అందరికీ ఒకటే కొలత పెట్టాం. ప్రతి ఒక్కరూ బడి ఆవరణలో ఒక వేపమొక్క నాటాలి. నాటితే కొన్ని మార్కులు, పాదు చేస్తే కొన్ని, పరీక్షలనాటికి మొక్క బతికుంటే మిగిలినవన్నీ. బడి గోడ మీద ఎర్రమట్టి జాజుతో రాయించాం కూడా.

"మొక్కకు మొగమాటం లేదు మేడమ్. ఎవురి కొడుకని సూడదు," అన్నారు లెక్కల సారు. మా భుజాలు మేమే చరుచుకున్నాం.

శివరాత్రి రాకముందే బడి బోరింగు ఎండిపోయింది. ఇంటి నుంచి నీళ్ళు తెచ్చుకోండని పిల్లలకు చెప్పాం. ట్యాంకరు వస్తేనే ఊరికి నీళ్ళు. అది తెలిసీ మా బుర్రలకు తట్టలేదు, ఏం చదువులో ఏమో! మొక్కలన్నీ మాడిపోయి రెండే నిలిచాయి. ఒకటి బోరు ఉన్న ఆసామి కొడుకుది, వాళ్ళ జీతగాడు బిందెతో తెచ్చి పోసేవాడు. రెండోది గొర్రెలు కాసే ఇంటి పిల్లది. చదువులో ఆ పిల్లకు సాటి లేదు. సీటు రాకపోతే గొర్రెల వెంట పోవలసిందే. చెంబుతో నీళ్ళు తెచ్చి, ఒలకకుండా మొక్క మొదలుకు పోసేది. పెదాలు మాత్రం పగిలి ఉండేవి.

ఒక మధ్యాహ్నం తల్లి ఆ పిల్ల రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

"ఏం మేడమ్, మీ మార్కులకు మా కుండే దొరికిందా? జరమొచ్చిన నా చిన్నోడు నీళ్ళు నీళ్ళని అల్లాడతాంటే కుండలో సుక్క లేదు. యాడికి పోయినాయంటే, ఈ సెట్టుకు పోసినాదంట!"

ఆమె వంగి మొక్కను పీకి పారేసింది. పిల్లవాడు కోలుకున్నాడు, అదే పదివేలు. ఆ పిల్ల సాయంత్రం మొక్కను మళ్ళీ నాటింది కానీ నీళ్ళు పోయలేదు.

మార్కుల రోజుకు అది ఎండుపుల్ల. బతికిందనే రాసేద్దామని ముగ్గురం ముందే అనుకున్నాం. హెడ్మాస్టరు వంగి చూసి, "వేరు పచ్చిగానే ఉండాదిలే," అన్నారు పైకే.

"లేదు సార్, సచ్చిపోయింది," అంది ఆ పిల్ల. "గోడ మీద ఎట్ల రాసినారో అట్లే వెయ్యండి."

పిల్లలందరూ చూస్తున్నారు. ఆయన అట్లే వేశారు.

ఆసామి కొడుకు గురుకులానికి పోయాడు. బడి తెరిచిన రోజు ఆ గోడకు సున్నం కొట్టిస్తున్నాను. ఆ పిల్ల గొర్రెలు తోలుకుపోతూ ఆగింది.

"దాన్ని ఎందుకు చెరిపేస్తాండారు మేడమ్? అందరికీ ఒకటే అని బాగా రాసింటిరి కదా," అంది.