ఉక్సక్క గడప

అమెరికాలో మేముండే బాతెల్‌లో పిల్లలందరూ నర్సాంటీ అని పిలిచే మా పక్కింటావిడ పోయిన గురువారం కన్నుమూసింది. ఫోన్ చేసిన చర్చివాళ్ళు "ప్రభువు పిలుపు అందుకున్నారండీ" అన్నారు. అందుకునే ఉంటుంది. అయితే లోపలికి అడుగుపెట్టే ముందు వంగి అక్కడి గడపని కూడా రెండుసార్లు తట్టి ఉంటుందని నా నమ్మకం.

బాపట్ల నుంచి వచ్చి ఇక్కడ పురిటి వార్డులో పనిచేసిన మనిషి. ఆవిడకి పని నేర్పిన పెద్ద నర్సు, నార్వే ఉత్తరాన రెయిన్‌డీర్ మందలు కాసే సామీల మనవరాలట. ఆమె దగ్గర విన్న దేవతలని ఆంటీ ఆదివారం ప్రార్థన అయ్యాక మా వంటింట్లో కూర్చుని నాకు చెప్పేది.

"పొయ్యి కింద ఉండి పురుడు పోసే తల్లి సారక్క, అన్నయ్యగారూ."

"మేడారం సారక్కా?"

"మీకన్నీ మేడారమే! వాళ్ళ భాషలో అక్క అంటే ముసలమ్మ."

నేను బడిలో చదివింది తక్కువ, లైబ్రరీలో చదివింది ఎక్కువ. అందుకని వాదన వదలను. మన అక్కే అంత దూరం నడిచి, చేరేసరికి ముసలిదై ఉంటుందన్నాను. ఆంటీ నవ్వి, రెండో ఆవిడ సంగతి ఎత్తుకుంది. పేరు ఉక్సక్క. కాపురం గుమ్మం కింద. పుట్టిన బిడ్డ నడక నేర్చేదాకా పడకుండా చూసే పూచీ ఈవిడది.

"మీరు గడపకి పసుపు రాస్తారుగా, ఎవరికి రాస్తున్నారో ఎప్పుడన్నా అడిగారా?"

అడగలేదు. మా ఆవిడ రాస్తుంది, నేను దాటతాను.

కిందటేడు మా మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. గాజుపెట్టెలో గుప్పెడంత ఉందట. ఉందట అనడమెందుకంటే, తల్లిదండ్రులకే ప్రవేశమని వార్డు తలుపు దగ్గర ఓ నర్సు నన్ను ఆపేసింది. ఇంటికొచ్చి ఆ నర్సుపిల్లని నోటికొచ్చినట్టు తిట్టాను.

"తిట్టకండి. ఆ సామీల పొరుగున పాత నార్వేవాళ్ళకి సిన్ అని ఇంకో తల్లి ఉంది" అంది ఆంటీ.

"సిన్ అంటే పాపం కదూ?"

"స్పెల్లింగ్ వేరు, స్వామీ! రాకూడనివాళ్ళ మొహాన తలుపు వేయడం ఆవిడ పని. కథలేం లేవు పాపం. గుమ్మంలో నిలబడేవాళ్ళ కథ ఎవరు రాస్తారు? ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేనూ అదే చేశా. మూయడం కూడా కాపలాయే, అన్నయ్యగారూ."

పిల్ల ఇంటికొచ్చింది. నడక ఆలస్యం కావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు డాక్టర్లు. అప్పటికే ఆంటీకి జబ్బు ముదిరింది. అయినా వాకర్ పట్టుకుని రోజూ వచ్చేది. ఈ దేశపు ఇళ్ళకి గడపేముంది, గుమ్మం అడుగున అల్యూమినియం పట్టీ తప్ప. ఆ పట్టీనే రెండుసార్లు తట్టి, పిల్లని ఒళ్ళో వేసుకుని, "ఉక్సక్కా, ఇక నీ వంతు. దీని నడక చూసే పోతాను" అనేది.

"మీ ప్రభువు ఏమనుకోడా?" అని కదిపేవాణ్ణి.

"చేతికింద మనిషి దొరికితే ఏ డాక్టరన్నా ఏడుస్తాడా?"

ఆఖరి రోజుల్లో ఆవిడ మంచం దిగలేదు. పిల్లనే తీసుకెళ్ళి చూపించేవాళ్ళం. అది పాకుతూనే ఉంది. ఆంటీ చూస్తూనే ఉంది. చూడాలనుకున్నది చూడకుండానే వెళ్ళిపోయింది.

శనివారం సమాధి దగ్గర్నుంచి అందరం ఆవిడ ఇంటికే వెళ్ళాం. మా అమ్మాయి పిల్లని గుమ్మం ముందు దించి చెప్పులు విప్పుకుంటోంది. పిల్ల గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలేసింది. ఓ అడుగు. తూలి, నిలదొక్కుకుని, ఇంకోటి. మా అమ్మాయి చెప్పు చేతిలోనే ఉండిపోయింది.

పిల్ల గుమ్మం దాకా వెళ్ళి చతికిలబడింది. ఖాళీగా ఉన్న హాలులోకి కాసేపు చూసింది. తర్వాత అక్కడి అల్యూమినియం పట్టీని అరచేత్తో రెండుసార్లు తట్టింది. తలుపు బార్లా తెరిచే ఉంది.