అమ్మ చేతిలో గడియారం

మా కోలారు బంగారు గనులు మూతపడిన కొన్నేళ్ళకు అమ్మానాన్నలతో రామేశ్వరం వెళ్ళాను. మొదటిరోజు ధనుష్కోడిలో పాడుబడిన చర్చి చూశాం. పగడపు రాళ్ళతో కట్టిన గోడను నాన్న చాలాసేపు నిమిరాడు. "ఈ రాయి ప్రాణంతో ఎట్లుంటుందో చూడాల" అన్నాడు.

మర్నాడు సముద్రంలో పగడాలు చూడ్డానికి పడవలో వెళ్ళాం. ముఖానికి అద్దాల మాస్కులు, నోట్లో గాలి గొట్టాలు పెట్టుకుని నాన్నా నేనూ నీళ్ళలోకి దిగేముందు నాన్న గడియారం విప్పి అమ్మకిచ్చాడు. "పైకొచ్చినాక ఇయ్యి." గనిలోకి దిగేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ, లోపల ఎవరున్నారో తెలిసేలా పైన ఇచ్చి, తిరిగొచ్చాక తీసుకునేవాడు. ఆ అలవాటు పోలేదు.

నీళ్ళ అడుగున పగడాలు, వాటి మీదుగా పసుపు చేపలు, అంతా కలలోలా మెల్లగా ఊగుతోంది. తలెత్తి చూస్తే నాన్న బోర్లా తేలుతున్నాడు. పిలిచినా కదల్లేదు. గబగబా ఈదుకుంటూ వెళ్ళి భుజం పట్టి కుదిపాను.

నాన్న తాపీగా తలెత్తాడు. "యాలమ్మా భయం? ముప్పై ఏండ్లు కిందికి దిగినాను, ఇంత వెలుతురు యాడా చూడలేదు."

నాకు భయం పోయి కోపం వచ్చింది.

పడవెక్కుతూనే అమ్మ ముందు చెయ్యి చాపాడు. "వచ్చినాను, ఇయ్యి."

అమ్మ పిడికిలి విప్పింది. నాన్న గడియారం తీసుకున్నాక చూశాను, అంతసేపూ బిగించి పట్టుకున్నందుకు అమ్మ అరచేతిలో దాని అచ్చు ఎర్రగా పడి ఉంది.

ఆ ముప్పై ఏళ్ళూ గనిలోకి దిగింది నాన్న ఒక్కడే అని అప్పటిదాకా అనుకున్నాను.