సుందరమ్మకు పెట్టిన పువ్వు

ఇవాళ పొద్దున పుదీనా తుంచుతుంటే వేళ్లకు పట్టిన ఘాటు వాసనకు సుందరమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె మోండా మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. ఆదివారం సబ్బుతో ఎంత తోముకున్నా చేతులకు ఆ వాసన పోయేది కాదు. ఆ చేతులతోనే మా చర్చి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ వందనాలు చెప్పేది. ఎవరూ అప్పజెప్పిన పని కాదు. పెళ్లయి అల్వాల్‌కు వచ్చిన కొత్తలో నేనొక్కదాన్నే భయపడుతూ అక్కడికి వెళ్తే, నా రెండు చేతులూ పట్టుకుని, "వందనాలు బిడ్డా. ఎవరింటి కోడలివి? తిన్నవా?" అంది. మా అమ్మ పోయి ఏడాది కూడా కాలేదని చెప్పాను. మరుసటి వారం నన్ను పేరు పెట్టి పిలిచి, మా అమ్మ గురించి అడిగి, చాలాసేపు నా పక్కనే కూర్చుంది. మనిషిని లోపలికి పిలవడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఆమె కాలు విరిగి నెలల తరబడి మంచం పట్టింది. నేరేడ్‌మెట్‌లో ఆమె ఉండే గదికి మేము ఒకరిద్దరమే వెళ్లేవాళ్లం. ఈలోగా చర్చికి కొత్త హాలు కట్టారు, కొత్త పాస్టరుగారు వచ్చారు. ఒకే రంగు బట్టలు వేసుకున్న పడుచుపిల్లలు గుమ్మంలో నిలబడి, మొదటిసారి వచ్చినవాళ్లకు గుడ్డపువ్వు పెట్టడం మొదలైంది. పెద్దమ్మ కర్ర పట్టుకుని తిరిగొచ్చిన ఆదివారం ఒక పిల్ల ఆమె కొంగుకు కూడా పువ్వు గుచ్చింది. తను లేచి తిరుగుతోందన్న సంతోషంతో పెట్టారనుకుందట ఆ పిచ్చితల్లి. దాన్ని తడుముకుంటూ వెనక వరుసలో కూర్చుంది. ముందు వరుసలో ఉన్న నేను చూడనేలేదు.

పాటలయ్యాక పాస్టరుగారు పువ్వు ఉన్నవాళ్లను లేచి పేరు చెప్పమన్నారు. ఆ పిల్లే వచ్చి పెద్దమ్మ భుజం తట్టి లేపింది. ఆమె నిలబడి చుట్టూ చూసింది. ఆమె చేతులు పట్టుకుని లోపలికి వచ్చినవాళ్లే సగం హాలు. సంఘపెద్దలు తలలు వంచుకున్నారు. చివరికి పెద్దమ్మే "సుందరమ్మ" అంది. చప్పట్లు కొట్టారు. నేను ఉండబట్టలేక లేచి, ఆమె కొత్తమనిషి కాదని, మమ్మల్నందరినీ ఈ సంఘంలోకి పిలిచింది ఆమేనని చెప్పాను. పాస్టరుగారు దేవునికి స్తోత్రమని చెప్పి ఇంకో పాట అందుకున్నారు.

బయటికి వచ్చాక ఆమె పువ్వు తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వెందుకు లేసినవ్ బిడ్డా? వాళ్లల్ల ఒక్కరన్న చెప్తరేమోనని సూస్తుంటి" అని ఆటో ఎక్కింది. మళ్లీ రాలేదు. ఆమె పోయినప్పుడు సమాధి దగ్గర మాత్రం ఆ పెద్దలే వరసగా నిలబడి గొప్పగా పొగిడారు. నేను దూరంగా వెళ్లి నిలుచున్నాను.

ఇప్పటికీ ఆ చర్చికే వెళ్తున్నాను. కొత్తవాళ్లు కనిపిస్తే చేతులు పట్టుకుని మాట్లాడుతాను. చప్పట్లు మాత్రం కొట్టను. ఎవరినైనా లేపి నిలబెడితే, నేను కూర్చున్నవాళ్ల ముఖాలు చూస్తాను.