గాలి దీవిలో నా ఎడమ కన్ను

ఆ రోజు ఉదయం పళ్ళు తోముకుని పుక్కిలిస్తే నీళ్ళు నోటి ఎడమ పక్క నుంచి జాకెట్ మీదికి కారిపోయాయి. అద్దంలో చూస్తే ముఖం ఒక పక్కకి జారింది, ఎడమ కన్ను రెప్ప వేయడం లేదు. మాది నందిగామ. జగ్గయ్యపేటలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతాను. ముందు రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానని తెలిసి మా అత్తయ్య వెంటనే తేల్చేసింది. "చల్లగాలి కొట్టిందమ్మా, చెవులు కట్టుకో" అంది. చెవులు కట్టుకునే విజయవాడ వెళ్ళాను.

న్యూరాలజిస్టు నుదురు పైకెత్తమన్నారు, బుగ్గలు పూరించమన్నారు. రెండూ చేతకాలేదు. "స్ట్రోక్ కాదమ్మా, బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఫేషియల్ నెర్వ్ వాచింది. చాలామందికి తగ్గిపోతుంది" అన్నారు. స్టెరాయిడ్స్, ఫిజియోథెరపీ, కంట్లో డ్రాప్స్, పడుకునేటప్పుడు రెప్ప మీద టేపు రాసిచ్చారు.

మాత్రలు వేళకి వేసుకున్నాను. డ్రాప్స్ మాత్రం పిల్లల ముందు వేసుకోవడానికి సిగ్గేసి బడిలో మానేశాను. చెవుల్లో దూది, పైన స్కార్ఫు, ఇంట్లో ఫ్యాను కూడా బంద్. మూడో వారానికి కన్ను ఎర్రబడి వెలుతురు భరించలేకపోయాను. కార్నియా మీద, అంటే నల్లగుడ్డు పైపొర మీద, గీతలు పడ్డాయని కంటి డాక్టరు చెప్పారు.

"చెవుల్ని ఇంత భద్రంగా చూసుకున్నారు, మూతపడని కన్నుని వదిలేశారేంటండీ? ఇంకా ఆలస్యమైతే చూపు పోయేది" అన్నారావిడ. నాకు తల కొట్టేసినట్టయింది.

గీతలు మానాయి. నాలుగు నెలలకి నవ్వు చాలావరకు తిన్నగా వచ్చింది. కన్ను మాత్రం గట్టిగా మూసినా సన్నని సందు మిగిలేది. అది ఇక ఇంతేనేమోనని బెంగ పట్టుకుంది.

అప్పుడే అండమాన్‌లో ఒక చిన్న దీవిలో పనిచేసే మా తమ్ముడు రమ్మన్నాడు. పలక మీద నిలబడి అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే బీచ్ అక్కడ ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, డ్రాప్స్ వేసుకుంటూ వెళ్ళొచ్చని కంటి డాక్టరు ఒప్పుకున్నారు. తీరా వెళ్ళాక ఆ గాలి హోరు విని హడలిపోయాను. రెండు రోజులు గది తలుపే దాటలేదు.

"ఇంత దూరం వచ్చి కిటికీ చూసి పోతావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

మూడో రోజు వెళ్ళాం. ఇల్లంత అలలు. ఒకమ్మాయి పలక మీద లేచి నిలబడటం, పడటం, మళ్ళీ ఈదుకుంటూ వెళ్ళడం. ఉప్పు తుంపరకి కళ్ళజోడు మసకబారితే ఆమెని చూద్దామని తీసి తుడుస్తున్నాను. ఒక్క విసురున ఇసుక వచ్చి ముఖాన కొట్టింది.

తమ్ముడు నా ముఖంలోకి వంగి చూశాడు. "అక్కా, రెండు కళ్ళూ సందు లేకుండా మూసుకున్నాయి."

"నేను మూయలేదురా" అన్నా. "అవే మూసుకున్నాయి."

అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. చాలా రోజుల తర్వాత సంతోషం పట్టలేక వచ్చిన ఏడుపు అది.

ఇప్పుడు బాగా అలసిన రోజున మూతి కొంచెం పక్కకి పోతుంది, అంతే. కన్ను పొడిబారితే క్లాసులోనే డ్రాప్స్ వేసుకుంటున్నాను. మాకూ వెయ్యండి టీచర్ అని పిల్లలు వరస కడతారు. మీ ఇంట్లో ఎవరికైనా మూతి పక్కకి పోతే, కారణం ఏమిటని చర్చ పెట్టకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళండి, కన్ను మూతపడకపోతే ఏం చెయ్యాలో అడిగి తెలుసుకుని సిగ్గుపడకుండా చెయ్యండి. నేను సిగ్గుపడి, ఆ అలల్ని చూసే కన్నే పోగొట్టుకోబోయాను.